కడుపులో మంట, అజీర్తి, గ్యాస్ట్రైటిస్: తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. పదింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి టీ. మధ్యాహ్నం రెండు దాటాక సంగటి ముద్ద. రాత్రి పదిన్నరకు ఎర్రకారం దోశ తిని వెంటనే పడక. మధ్యలో నడుం నొప్పికో, మోకాళ్లకో ఒక గోలీ. కర్నూలు, అనంతపురం, కడప వైపు "గ్యాస్ ట్రబుల్" అని మందుల షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది రోజు ఇలాగే గడుస్తుంది. తప్పంతా బజ్జీ మీదకే పోతుంది. గోలీ సంగతి అడిగేదాకా ఎవరూ చెప్పరు.

అజీర్తి, గ్యాస్, అల్సర్, గ్యాస్ట్రైటిస్ అన్నీ ఒకటేనా?

కాదు. అజీర్తి జబ్బు పేరు కాదు, లక్షణం. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, తిన్నది పైనే ఉన్నట్టుండడం, బొడ్డు పైభాగంలో నొప్పి, మంట ఇవన్నీ అందులోకే వస్తాయి. గ్యాస్ట్రైటిస్ అంటే జీర్ణాశయం లోపలి పొర వాచి ఎర్రబడడం. ఆ పొర కొంత మేర లోతుగా తెగితే అది అల్సర్, మనవాళ్ల మాటలో కడుపులో పుండు. పులితేన్పులు, గొంతుదాకా ఎగదన్నే మంట వేరు. ఆమ్లం పైకి అన్నవాహికలోకి రావడం వల్ల అవి వస్తాయి. ఒకే మనిషికి ఇవన్నీ కలిసి ఉండవచ్చు. అయితే ఒక్కోదానికి కారణం వేరు, మందు వాడాల్సిన రోజులూ వేరు. "గ్యాస్ అంట" అని ఒకే గోలీని ఏళ్ల తరబడి మింగడం అందుకే పనికిరాదు.

ఏ లక్షణాలు కనిపిస్తే గోలీలతో కాలం గడపకూడదు?

- తారులా నల్లగా, జిగటగా, విపరీతమైన కంపుతో విరేచనం కావడం. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకూ మలం నల్లబడుతుంది, అయితే అది గట్టిగానే ఉంటుంది, తారులా అంటుకోదు.
- వాంతిలో రక్తం, లేదా కాఫీ పొడిలాంటి నల్లటి రేణువులు.
- ముద్ద మింగుడు పడకపోవడం, రోజూ వాంతులు కావడం.
- కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం తక్కువగా ఉందని పరీక్షలో తేలడం.
- యాభై అరవై ఏళ్లు దాటాక మొదటిసారి ఈ బాధ మొదలవడం, లేదా ఇంట్లో ఎవరికైనా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చి ఉండడం.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు ఉండి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి నొప్పే లేకుండా, ఆయాసంగానో వట్టి కడుపు బాధగానో వస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీస్తే సంగతి కొన్ని నిమిషాల్లో బయటపడుతుంది. మొదటిది మామూలుగా ఉన్నా అనుమానం తీరకపోతే మళ్లీ తీస్తారు.

కారం తినడం వల్లే కడుపులో పుండు పడిందంటున్నారు. నిజమేనా?

కారం పుండును పుట్టించదు. అల్సర్లకు ముఖ్య కారణాలు రెండే: హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా, నొప్పి మాత్రలు. ఆ బ్యాక్టీరియాను 1982లో ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ గుర్తించారు. కడుపులోని ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని వైద్యలోకం గట్టిగా నమ్ముతున్న రోజులవి. నమ్మించడానికి మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని తానే తాగి గ్యాస్ట్రైటిస్ తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

అయితే పొర ఇప్పటికే వాచి ఉంటే కారం తగలగానే మంట ఎక్కువవుతుంది. చేతి మీద గీసుకున్న చోట మిరపకాయ రసం పడినట్టే. అందుకే మందులు వాడుతున్న ఆ కొన్ని వారాలు కారం తగ్గించమంటారు. జన్మంతా చప్పిడి కూడు తినాల్సిన పనిలేదు.

నొప్పి గోలీకి, కడుపుకు ఏమిటి సంబంధం?

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, పైరాక్సికామ్, నెలసరి నొప్పికి వేసుకునే మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ అన్నీ ఒక కుటుంబం. ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారు కాకుండా ఇవి అడ్డుకుంటాయి. నొప్పి, వాపు తగ్గేది అందువల్లే. కడుపు లోపల జిగురు పొరను నిలబెట్టేది, ఆ పొరకు రక్తం అందేలా చూసేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అవి తగ్గితే జిగురు పలచబడి, మన ఆమ్లమే మన కడుపును కొరుకుతుంది. "ఇంజెక్షన్ అయితే కడుపుకు ఏమీ కాదు" అనేది పొరపాటు. మందు ఏ దారిన వెళ్లినా రక్తంలో కలిసి చేసే పని అదే.

ఈ జిల్లాల్లో ఇది మరీ పెద్ద సమస్య. చెనిక్కాయ చేలల్లో వంగి పనిచేసేవాళ్లు, తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాయి బండలు మోసేవాళ్లు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసిన అనంతపురం పల్లెల పెద్దవాళ్లు రోజూ ఒక నొప్పి గోలీ వేసుకుంటే తప్ప లేవలేరు. షాపులో కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే మూడు నాలుగు రంగుల విడి గోలీల్లో ఒకటి దాదాపు ఎప్పుడూ ఈ కుటుంబానిదే. విడి గోలీ మీద పేరుండదు కాబట్టి స్ట్రిప్పుతో సహా ఇమ్మని అడగండి. వెనక చిన్న అక్షరాల్లో "ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325" లాంటి మాట కనిపిస్తే కడుపు మంటకు కారణం సగం దొరికినట్టే.

మరి నొప్పికి ఏం వాడాలి? ముందు వట్టి పారాసెటమాల్ వాడి చూడండి. 500 లేదా 650 మిల్లీగ్రాములది, ఆరేడు గంటల ఎడంతో, రోజంతా కలిపి 3 గ్రాములు మించకుండా. రోజూ మద్యం తాగేవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు ఆ కొలతకు కూడా డాక్టరును అడగాలి. ఒకటి రెండు కీళ్లకే నొప్పి ఉంటే డైక్లోఫెనాక్ జెల్ రుద్దుకోవచ్చు. రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. నొప్పి గోలీ తప్పదంటే తక్కువ మోతాదు, తక్కువ రోజులు, అన్నం తిన్నాక. అరవై దాటినవాళ్లకు, ముందు ఎప్పుడైనా పుండు పడినవాళ్లకు దానితోపాటు పాంటోప్రజోల్ లాంటి రక్షణ మందూ రాస్తారు. రెండు రకాల నొప్పి గోలీలు ఒకేసారి వేసుకోవద్దు. కీళ్ల నొప్పులకు పేరులేకుండా అమ్మే పొడుల్లో స్టెరాయిడ్లు కలిపినట్టు దేశంలో పలుచోట్ల బయటపడింది. స్టెరాయిడు, నొప్పి గోలీ కలిస్తే పుండు ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

పాన్ 40, ఒమెజ్ లాంటివి ఎప్పుడు వేసుకోవాలి? అన్నం తిన్నాక వేసుకుంటే ఏమవుతుంది?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పాంటోప్రజోల్ (పాన్) 40, ఒమెప్రజోల్ (ఒమెజ్) 20, రాబెప్రజోల్ 20 మిల్లీగ్రాములు అన్నీ ఒకే జాతి మందులు. పరగడుపున, ఒక గ్లాసు మామూలు నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగి తినాలి.

ఎందుకంటే కడుపు గోడలోని కణాల్లో ఆమ్లాన్ని బయటికి తోసే పంపులు ఉంటాయి. పరగడుపున వాటిలో ఎక్కువ భాగం నిద్రపోతుంటాయి, తిండి పడగానే లేస్తాయి. ఈ మందు లేచి పనిచేస్తున్న పంపునే మూసేయగలదు. పైగా రక్తంలో అది ఉండేది గంటా రెండు గంటలే. పంపులు లేచే సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. తిన్నాక వేసుకుంటే అది రక్తంలోకి వచ్చేసరికి ఆ అదను తప్పిపోతుంది. "నెలరోజులుగా వాడుతున్నా ఏమీ తగ్గలేదు" అనేవాళ్లలో చాలామంది టిఫిన్ తిన్నాక వేసుకుంటున్నవాళ్లే.

ఇంకా కొన్ని జాగ్రత్తలున్నాయి. మాత్రను నమలకూడదు, నూరకూడదు, సగానికి విరవకూడదు. దాని పైపూత కడుపులోని ఆమ్లం నుంచి మందును కాపాడి పేగుదాకా చేరుస్తుంది. ఉదయం వేసుకుని సాయంత్రానికి తగ్గలేదని రెండోది మింగొద్దు. పూర్తి పని కనిపించడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. పొద్దున నాలుగింటికే చేనికి పోయి తొమ్మిదింటికి సద్ది తినేవాళ్లు లేవగానే వేసుకోవద్దు. గోలీని వెంట తీసుకెళ్లి ఎనిమిదిన్నరకు వేసుకోండి.

ఎన్నాళ్లు వాడాలి? ఆపితే మంట మళ్లీ వస్తోంది.

మామూలు గ్యాస్ట్రైటిస్‌కు నాలుగు వారాలు, అల్సర్‌కు నాలుగు నుంచి ఎనిమిది వారాలు చాలామందికి సరిపోతుంది. ఆపగానే వచ్చే మంట అంతా పాత జబ్బు కాదు. రెండు మూడు నెలలు పంపులు మూసి ఉంచితే ఒళ్లు దానికి ఎదురుగా ఆమ్లాన్ని తయారుచేసే శక్తిని పెంచుకుంటుంది. మందు తీసేయగానే అదంతా ఒక్కసారి బయటపడుతుంది. ఇది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఈ సంగతి తెలియక మళ్లీ గోలీ మొదలుపెట్టి ఏళ్లకేళ్లు వాడేవాళ్లు ఎందరో.

చాలాకాలంగా వాడుతుంటే డాక్టరుకు చెప్పి మెల్లగా దిగండి. 40 వాడేవాళ్లు రెండు వారాలు 20కి, తర్వాత రెండు వారాలు రోజు విడిచి రోజుకు, ఆ తర్వాత ఆపేయడం. మధ్యలో మంట వేస్తే జిలుసిల్ లాంటిదో, ఫామోటిడిన్ ఒకటో తీసుకోవచ్చు. కారణం లేకుండా ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ కూడా వాడేవాళ్లు బి12 పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే అదీ బి12ను తగ్గించేదే. నిజంగా దీర్ఘకాలం అవసరమైనవాళ్లూ ఉన్నారు. పుండు నుంచి రక్తం పోయి, అయినా ఆస్పిరిన్ మానలేనివాళ్లు అలాంటివాళ్లు. వాళ్లు భయపడి ఆపకూడదు.

జిలుసిల్, డైజీన్, ఈనో రోజూ తీసుకోవచ్చా?

అప్పటికప్పుడు మంట తగ్గించడానికి అవి మంచివే, పుండును మాత్రం మాన్పవు. జిలుసిల్, డైజీన్ లాంటి ద్రవాలు ఇప్పటికే ఉన్న ఆమ్లాన్ని విరుస్తాయి. తిన్న గంటకు, పడుకునే ముందు రెండు చెంచాలు, అంటే 10 మిల్లీలీటర్లు, సీసా బాగా కుదిపి తీసుకోవాలి. వాటిలో అల్యూమినియం ఎక్కువైతే మలబద్ధకం, మెగ్నీషియం ఎక్కువైతే నీళ్ల విరేచనాలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు చెప్పనిదే వాడకూడదు. ఐరన్ మాత్రకు, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లకు కనీసం రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు ఎడం ఉంచండి.

ఈనోలో ఉండేది వంటసోడా, సిట్రిక్ యాసిడ్. సోడియం చాలా ఎక్కువ. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు అది ఉప్పు తాగడమే.

రాంటాక్ ఇప్పుడు వాడొచ్చా?

రాంటాక్‌లో ఉండేది రానిటిడిన్. ఆ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే హానికర పదార్థం కనిపించడంతో 2020లో అమెరికా దాన్ని మార్కెట్ నుంచి తీయించింది. మన దేశం 2022లో అత్యావశ్యక మందుల జాబితా నుంచి తొలగించింది. అదే పని చేసే ఫామోటిడిన్ ఉంది, దానికి ఈ గొడవ లేదు. రాత్రిపూట మంటకు పడుకునే ముందు 20 లేదా 40 మిల్లీగ్రాములు ఇస్తారు. అయితే రోజూ వాడితే వారం రెండు వారాల్లో పట్టు తగ్గుతుంది.

పేరు చివర "డి" ఉన్న క్యాప్సూల్స్ మంచివంటారు?

ఆ డి అంటే డోంపెరిడోన్. కడుపులో తిండి త్వరగా కిందికి జరగడానికి, వాంతి ఆగడానికి వాడతారు. వికారం, కడుపు బరువు ఉన్నవాళ్లకు కొన్నాళ్లు సరే. మంట ఒక్కటే ఉన్నవాళ్లకు దాని అవసరం లేదు. గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి అరవై దాటినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు సొంతంగా కొనుక్కోకూడదు. ఇలాగే తిండిని కిందికి జరిపే లెవోసల్పిరైడ్ కలిసినవి నెలల తరబడి వాడితే చేతులు వణకడం, నెలసరి తప్పడం, బిడ్డతల్లి కానివాళ్లకూ పాలు రావడం జరగవచ్చు.

హెచ్. పైలోరి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఉంటే వైద్యం ఏమిటి?

మల పరీక్ష, ఊపిరి పరీక్ష, ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి చేసే పరీక్ష నమ్మదగ్గవి. రక్త పరీక్షలో ఇప్పుడున్న బ్యాక్టీరియాకూ, ఎప్పుడో వచ్చిపోయినదానికీ తేడా తెలియదు. దానికి డబ్బు పెట్టడం దండగ.

పరీక్షకు రెండు వారాల ముందు పాంటోప్రజోల్ జాతి మందులు, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్‌లు ఆపాలి. లేకుంటే బ్యాక్టీరియా అణగి ఉండి, లేనట్టు తప్పుగా చూపిస్తుంది. ఆ రెండు వారాలు మంటకు జిలుసిల్ తీసుకోవచ్చు. పుండు నుంచి ఇటీవలే రక్తం పోయినవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఆపొద్దు.

ఉందని తేలితే రెండు మూడు యాంటీబయాటిక్‌లు, ఒక ఆమ్లం తగ్గించే మందు కలిపి సాధారణంగా 14 రోజులు ఇస్తారు. కొన్ని పద్ధతుల్లో బిస్మత్ కూడా కలుస్తుంది. రోజుకు ఎనిమిది పది గోలీలు దాటినా దాటవచ్చు. నోరు చేదుగా, లోహం నాకినట్టు ఉంటుంది. బిస్మత్ వల్ల మలం, నాలుక నల్లబడతాయి, భయం లేదు. మెట్రోనిడజోల్ ఉంటే ఆ రోజుల్లో, ఆపాక మరో మూడు రోజులు మద్యం ముట్టకూడదు. పెన్సిలిన్ పడనివాళ్లు, కొలెస్టరాల్ మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి. ఐదో రోజు మంట తగ్గిందని కోర్సు వదిలేస్తే మిగిలిన బ్యాక్టీరియా ఆ మందులకు మొండికేస్తుంది, రెండోసారి అదే మందు పనిచేయదు. కోర్సు ముగిసిన నాలుగు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. ఈ చివరి పరీక్షను దాదాపు అందరూ ఎగ్గొడతారు.

ఎండోస్కోపీ అంటే భయంగా ఉంది.

గొంతులో మత్తు స్ప్రే కొట్టి, చిటికెన వేలంత గొట్టం పంపి చూస్తారు. ఐదు నుంచి పది నిమిషాల పని. ముందు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. వాంతి వచ్చినట్టు డోకు వస్తుంది తప్ప ఊపిరి ఆగదు, గొట్టం వెళ్లేది అన్నవాహికలోకి. ముక్కుతో మెల్లగా గాలి పీల్చుకుంటూ, చొంగను మింగకుండా పక్కకు కారనివ్వండి. స్ప్రే మత్తు వదిలేదాకా, సుమారు గంటసేపు, నీళ్లు కూడా తాగొద్దు, పొలమారుతుంది.

తిండి ఎలా మార్చుకోవాలి? సంగటి మానేయాలా?

మానొద్దు. రాగి సంగటి, జొన్న రొట్టె కడుపుకు శత్రువులు కావు. ముద్ద పరిమాణం, తినే వేళ, పక్కన ఏం పెట్టుకున్నారన్నదే లెక్క. పొద్దంతా పస్తుండి ఒకేసారి రెండు పెద్ద ముద్దలు దించితే కడుపు సాగి, ఆమ్లం పైకి తన్నుతుంది. ఒక ముద్దను రెండు పూటలకు పంచుకోండి. పక్కన ఊరిబిండి, పుంటికూర పచ్చడికి బదులు ఆకుకూర పప్పు, సొరకాయ కూర, పలుచటి మజ్జిగ పెట్టుకోండి.

ఉగ్గాని కూడా పరవాలేదు, మందు వాడే నెలరోజులు బజ్జీని మాత్రం వదిలేయండి. నూనె ఎక్కువైతే కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. ఉగ్గానిలోని బొరుగులు అరిగిపోయినా బజ్జీ మధ్యాహ్నందాకా అక్కడే కూర్చుంటుంది. నాటుకోడి పులుసు, ఉలవచారు రాత్రికి కాక మధ్యాహ్నానికి పెట్టుకోండి.

పరగడుపున టీ మానడం చాలామందికి మందుతో సమానంగా పనిచేస్తుంది. ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో పడనిచ్చి తర్వాత తాగండి. పొగాకు, గుట్కా, బీడీ పుండు మానకుండా అడ్డుపడతాయి. మద్యం నేరుగా పొరను కాలుస్తుంది.

ఎవరికి ఏది పడదో తెలుసుకోవడానికి రెండు వారాలు ఒక నోటు పుస్తకంలో తిన్నది, వేళ, మంట వచ్చిన వేళ రాయండి. ఒకరికి చెనిక్కాయల చట్నీ, ఇంకొకరికి చింతపండు చారు. ఊరందరికీ ఒకే పథ్యం చెప్పడం సరికాదు.

మంట వేసినప్పుడు పాలు తాగితే తగ్గుతుంది కదా?

పావుగంట తగ్గుతుంది. తర్వాత పాలలోని కాల్షియం, ప్రొటీన్ ఆమ్లాన్ని ఇంకా పుట్టిస్తాయి. అర్ధరాత్రి పాలు తాగే అలవాటు మానండి. పులవని మజ్జిగ, జీలకర్ర నీళ్లు ఉబ్బరానికి హాయినిస్తాయి, పుండుకు మందు కావు.

రాత్రి పడుకోగానే గొంతులోకి పులుపు వస్తోంది.

తిన్నాక రెండున్నర, మూడు గంటలు పడుకోవద్దు. మంచం తలవైపు కోళ్ల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు పెట్టండి. ఒక్కో కోడు కింద రెండు ఇటుకలు పడుకోబెడితే ఇంచుమించు ఆరంగుళాలు. ఇటుక జారకుండా అడుగున గోనెసంచి ముక్క వేసి, రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూసుకోండి. రెండు దిండ్లు పెట్టుకుంటే పనికాదు, నడుము దగ్గర ఒళ్లు మడిచి కడుపు ఇంకా నొక్కుకుంటుంది. నులక మంచం మధ్యలో కుంగితే కోళ్లెత్తినా లాభం లేదు, ముందు నులక బిగించాలి. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. నడుం చుట్టూ పంచె, లంగా నాడా వదులుగా ఉండాలి. బరువు ఎక్కువున్నవాళ్లు నాలుగైదు కిలోలు తగ్గినా తేడా తెలుస్తుంది.

రంజాన్ ఉపవాసాల్లో మందు ఎలా?

రెండు పద్ధతులు. సహరికి అరగంట ముందు లేచి గోలీ వేసుకుని, తర్వాత తినడం. లేదా ఖర్జూరం, నీళ్లతో ఇఫ్తార్ విడిచి, అప్పుడే గోలీ వేసుకుని, మగ్రిబ్ నమాజు ముగించుకుని వచ్చి, గోలీ వేసుకున్న అరగంట దాటాక భోజనం చేయడం.  సమోసా, మిర్చి, హలీం ఒకేసారి వద్దు. సహరి తినగానే మళ్లీ పడుకోవడం వల్లే పగలంతా పులితేన్పులు. పుండు నుంచి ఇటీవల రక్తం పోయినవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం పట్టకూడదు.

గుండెకు స్టెంట్ వేశారు, ఆస్పిరిన్ వల్ల మంట. ఆపనా?

ఆపొద్దు. స్టెంట్ మూసుకుపోతే ప్రాణానికే ముప్పు. కడుపుకు రక్షణ మందు చేర్చమని గుండె డాక్టరును అడగండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ కూడా వాడుతుంటే ఒమెప్రజోల్, ఎసొమెప్రజోల్ దాని పనిని తగ్గిస్తాయి. పాంటోప్రజోల్ నయం.

గర్భిణులు?

ముందు తిండి వేళలు, తర్వాత డాక్టరు చెప్పిన యాంటాసిడ్, అంటే ఆమ్లాన్ని విరిచే మందు. వంటసోడా, బిస్మత్, మైసోప్రోస్టాల్ వద్దు.

ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు. మరి ఈ బాధ ఎక్కడిది?

బాధ నిజమే. దీన్ని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు. పొర బాగానే ఉంటుంది, కడుపు కదలిక మందగించడమో, అక్కడి నరాలు చిన్న సాగుడుకే నొప్పిగా స్పందించడమో జరుగుతుంది. దిగులు, నిద్రలేమి దాన్ని పెంచుతాయి. డాక్టరు రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాస్తే "నాకు పిచ్చా?" అని బాధపడొద్దు. ఆ మోతాదులో అది కడుపు నరాల అతి స్పందనను తగ్గించడానికి ఇచ్చేది. రిపోర్టు బాగుందని ఇంట్లోవాళ్లు "అంతా నటన" అనడం ఈ జబ్బుకు ఇంకో పుండు లాంటిది, దయచేసి అనొద్దు.

డాక్టరు దగ్గరకు ఏం తీసుకెళ్లాలి?

ఇంట్లో ఉన్న గోలీలన్నీ, అయిపోయిన ఖాళీ స్ట్రిప్పులతో సహా ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. నాటు మందు పొడి ఉంటే అదీ. కర్నూలు పెద్దాసుపత్రి ఓపీ అయినా, ఊళ్లో ఆరోగ్య కేంద్రమైనా అక్కడ మీకు దొరికేది కొద్ది నిమిషాలే. "గ్యాస్ సార్" అని ఒక్క మాటతో ఆ నిమిషాలు గడిచిపోతాయి. మంట ఎన్ని రోజులుగా ఉంది, తిన్నాక పెరుగుతుందా తగ్గుతుందా, రాత్రి నిద్రలేపుతుందా, మలం రంగేమిటి, నొప్పి గోలీలు వారానికి ఎన్ని అనే ఐదూ ఒక చీటీ మీద రాసుకుని, ఆ చీటీ ముందు అందించండి.